మందుల చీటీలోని క్రియ ఎవరిది?

వైద్యుడు తన వృత్తి జీవితంలో అన్నిటికంటె ఎక్కువసార్లు వ్రాసే క్రియాపదం ఏదని అడిగితే వైద్యులే చాలామంది తడుముకొంటారు. తాము క్రియాపదం ఒకటి వ్రాస్తున్నామన్న సంగతే వారికి స్ఫురించదు. మందుల చీటీ మీద ఎడమవైపు ఆర్ అనే రోమన్ అక్షరం వ్రాసి, దాని కాలికి అడ్డంగా ఒక గీత గీస్తాము. అది లాటిన్ క్రియ 'రెకిపెరె'కు మధ్యమ పురుష ఏకవచన విధి రూపమైన 'రెకిపె'. 'తీసుకొనుము' అని దాని అర్థం. అడ్డగీత, మాటను పూర్తిగా వ్రాయలేదని తెలిపే సంక్షేప చిహ్నం. ఆ గుర్తు ఈజిప్టు దేవుడు హోరస్ కన్ను అనీ, రోమన్ల జూపిటర్ చిహ్నమనీ చెప్పే కథలు చాలాకాలంగా ప్రచారంలో ఉన్నాయి. కథలుగా ముచ్చటైనవే. లాటిన్ వ్యాకరణం చెప్పే సమాధానం అంతకంటె సరళమైనది.

ఆ విధి ఎవరిని ఉద్దేశించినదో గమనించాలి. 'తీసుకొనుము' అనగానే రోగిని మందు తీసుకొమ్మంటున్నారని అనుకొంటాము. పూర్వం వైద్యుడు ఔషధ ద్రవ్యాలను పేరు పేరునా కొలతలతో వ్రాసేవాడు. వాటిని తీసి, నూరి, కలిపి, మందుగా కట్టేవాడు ఔషధ విక్రేత. 'ఇది ఇంత తీసుకో, అది అంత తీసుకో, కలుపు' అని వైద్యుడు ఆజ్ఞాపించేది అతనిని. రోగి ఆ వాక్యంలో లేడు. చీటీకి నాలుగు అంగాలని మా ఔషధశాస్త్ర పాఠాలలో చెప్పేవారు. మొదట ఈ 'రెకిపె', తరువాత ద్రవ్యాల పట్టిక, ఆ పిమ్మట తయారీ విధానం, చివర 'సిగ్నా'. 'సిగ్నా' అంటే 'గుర్తు వేయుము'. రోగికి తెలియవలసిన మాటను మందు సీసా మీద వ్రాసి అంటించమని భావం. తక్కిన మూడు అంగాలు లాటిన్‌లో నడిచినా, ఈ నాలుగవ దానిని సీసా మీదికి ఎక్కించేటప్పుడు రోగి భాషలోకి తేవలసి వచ్చేది. నాలుగింటిలో రోగికి దక్కినది ఆ ఒక్క పంక్తి. 'రెకిపెరె' చరిత్రను, దానికి సాటివచ్చే మన 'కొను' ధాతువు చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఒక్క పంక్తి ఎవరి నోటి మాటలో ఉండాలో తేలుతుందని నా అభిప్రాయం.

'రెకిపెరె'లో 'రె' ఉపసర్గ. దాని వెనుక ఉన్న మూల ధాతువు 'కపెరె', అంటే పట్టుకొనుట. ఉపసర్గ చేరేసరికి అకారం ఇకారమైంది. రోమన్ సామ్రాజ్యం శిథిలమయ్యాక ఈ మాట జనం నోళ్ళలో పడి ఊరికొక రూపు దాల్చింది. ఇటాలియన్‌లో 'రిచేవెరె', ఫ్రెంచిలో 'రెసెవ్వార్', స్పానిష్‌లో 'రెసిబీర్', పోర్చుగీసులో 'రెసెబేర్', కాటలాన్‌లో 'రెబ్రె'. అచ్చుల నడుమనున్న పకారం స్పానిష్, పోర్చుగీసులలో బకారంగాను, ఇటాలియన్, ఫ్రెంచిలలో వకారంగాను మెత్తబడింది. బాలవ్యాకరణం చదివినవారికి ఇది వింతగా తోచదు. సరళాదేశంలో పకారం బకారం కావడం, గసడదవాదేశంలో వకారం కావడం మనం బడిలోనే వల్లించినాము. సూత్రాలు వేరు, సందర్భాలు వేరు. పరుషాన్ని మెత్తపరచుకొనే నోటి స్వభావం మాత్రం రోములోనూ రాజమహేంద్రవరంలోనూ ఒకటే. ఆ కుటుంబంలోనిదే అయిన రుమేనియన్ ఈ క్రియను వదలుకొని, పొరుగున ఉన్న స్లావిక్ భాషల నుంచి 'ప్రిమి' అన్న మాటను తెచ్చుకొన్నది. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు పుట్టింటి నగను కరిగించి మరొకటి చేయించుకొన్నట్లు.

అదే క్రియ నుంచి పుట్టిన నామవాచకం 'రెకెప్త'. ఇటాలియన్ 'రిచెట్టా', స్పానిష్ 'రెసెతా', పోర్చుగీసు 'రెసెయిత', రుమేనియన్ 'రెత్సెత' అన్నీ దాని సంతానమే. ఈ నాలుగు భాషలలోనూ వైద్యుడిచ్చే చీటీకి, వంట చేసే విధానానికి ఒకటే మాట. ఫ్రెంచిలో 'రెసెత్' అంటే వంట విధానం, దుకాణానికి వచ్చిన రాబడి కూడా. పోర్చుగీసు మాటకూ ఆదాయమన్న అర్థం ఉన్నది; బ్రెజిల్‌లో కేంద్ర పన్నుల శాఖ పేరు 'రెసెయిత ఫెదెరాల్'. ఇంగ్లీషు వారికి మూడు మాటలు వచ్చినవి. లాటిన్ విధి రూపం యథాతథంగా దిగి 'రెసిపీ' అయింది. అది మొదట మందుల చీటీయే, వంటింటిలోకి వెళ్ళినది తరువాతనే. ఫ్రెంచి ద్వారా వచ్చినది 'రిసీట్'. పండితులు లాటిన్ మీది మమకారంతో దాని నడుమ ఒక 'పి'ని వ్రాతలో తిరిగి కూర్చినారు, జనం మాత్రం ఈనాటికీ దానిని పలకడం లేదు. మూడవది 'రిసీవ్'. మాటలోని లాటిన్ శవాన్ని వ్రాతలో ఎంత అలంకరించినా నోరు దానిని మోయదనడానికి ఆ మూగ 'పి' సాక్ష్యం.

మస్కట్‌లో ఉన్నవానికి ఈ కుటుంబం పరాయిది కాదు. పాత మస్కట్ రేవుకు అటూ ఇటూ కొండల మీద నిలిచిన మీరానీ, జలాలీ కోటలు పోర్చుగీసు వారి కాలం నాటివి. 1507లో అల్బుకర్క్ ఈ రేవును పట్టుకొన్నాడు. 1650లో యారుబీ వంశపు ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ వారిని వెళ్ళగొట్టినాడు. నూట నలభై మూడేళ్ళు ఒక రొమాన్స్ భాష ఇక్కడ ఫిరంగుల అండతో వినిపించింది. అయినా నేటి మస్కట్ ఆసుపత్రులలో 'రెకిపెరె' సంతతి వినిపిస్తున్నదంటే అది ఆ కోటల వల్ల కాదు. ఇక్కడి అధికారిక అరబ్బీలో మందుల చీటీని 'వస్ఫా' అంటారు. వర్ణన అని దాని మూలార్థం. ఈజిప్టు నుంచి వచ్చిన సహోద్యోగులు మాత్రం మాటల మధ్య 'రోషెట్టా' అంటారు. అది ఇటాలియన్ 'రిచెట్టా'యే. ఇటాలియన్ వర్తకులతోనూ వైద్యులతోనూ ఈజిప్టుకు ఉన్న పాత సంబంధం వల్ల ఆ దేశపు వాడుకలో కలిసి, ఈజిప్షియన్ వైద్యులతోపాటు గల్ఫుకు వచ్చింది. తురుష్కులు దానిని 'రెచెతె' అన్నారు. కోట కట్టినవాని మాట కోటలోనే ఆగిపోగా, మందు ఇచ్చినవాని మాట నోటినుంచి నోటికి నడిచింది.

లాటిన్ చీటీలో తీసుకొనుటకు మరొక క్రియ కూడా ఉన్నది. అదే మన విషయానికి ఇంకా దగ్గరిది. 'రోజుకు మూడు మారులు' అనడానికి మేము వ్రాసే టి.డి.ఎస్. అన్న అక్షరాలు లాటిన్ 'తేర్ దియె సూమెందుమ్'. 'దినమునకు ముమ్మారు తీసుకొనవలసినది' అని అర్థం. అవసరమైతేనే వేసుకొమ్మని చెప్పే ఎస్.ఓ.ఎస్. ఓడల ఆపద సంకేతం కాదు, 'సి ఓపుస్ సిత్', 'పని పడినచో'. 'సూమెందుమ్' వెనుక ఉన్న 'సూమెరె', 'ఎమెరె' అనే పాత ధాతువుకు ఉపసర్గ చేరగా వచ్చినది. ఆ 'ఎమెరె'కు తొలి అర్థం తీసుకొనుట. కాలక్రమాన అది 'కొనుగోలు చేయుట' అయింది. తీసుకొనుట అన్న పాత అర్థం ఉపసర్గలు చేరిన రూపాలలో మాత్రమే మిగిలింది.

తెలుగు చదువరికి ఇక్కడ ఒక మెరుపు మెరవాలి. మన 'కొను' నడిచిన దారి సరిగ్గా ఇదే. ప్రాచీన తెలుగులో 'కొను' అంటే తీసుకొనుట, గ్రహించుట. కైకొను, చేకొను, కొనిపోవు, కొనితెచ్చు అన్న మాటలలో ఆ అర్థం ఇంకా సజీవం. ఈనాడు ఒంటరిగా నిలిచిన 'కొను' మాత్రం డబ్బిచ్చి కొనడమే. పాత అర్థం ఇతర క్రియల వెనుక చేరి బ్రతుకుతున్నది: తీసుకొను, పుచ్చుకొను, అందుకొను, పట్టుకొను, కనుగొను, మేలుకొను, కోలుకొను. రోగి మందుల దుకాణంలో మందు 'కొంటాడు', ఇంటికి వచ్చి 'పుచ్చుకొంటాడు'. లాటిన్ 'ఎమెరె'కు పట్టిన గతే మన ధాతువుకూ పట్టింది. ఒక దానికొకటి ఏ సంబంధమూ లేని రెండు భాషలు, మనుషులు ఇచ్చి పుచ్చుకొనే తీరు ఒకటే కావడం వల్ల, ఒకే మలుపు తిరిగినవి.

అయితే ఆ తరువాతి కథలో తేడా ఉన్నది. రొమాన్స్ భాషల వాడుకలో 'ఎమెరె' నిలువలేదు. కొనుటకు ఇటాలియన్ 'కొంప్రారె', స్పానిష్ 'కొంప్రార్', రుమేనియన్ 'కుంపర' అన్నీ సమకూర్చుకొనుట అనే వేరొక లాటిన్ మాట నుంచి వచ్చినవి. ఫ్రెంచి 'అషెతే' మాత్రం మన పాత మిత్రుడు 'కపెరె' సంతతిది. పట్టుకొనుట వేటాడుటగా మారి ఇంగ్లీషులో 'చేజ్', 'క్యాచ్' అన్న జంట మాటలైంది. ఇటాలియన్‌లో 'కపీరె' అంటే అర్థం చేసుకొనుట. విషయాన్ని పట్టుకొనుట అని మనమూ అంటాము కదా. మరి మందు తీసుకొనుటకు? ఇటలీ రోగికి 'ప్రెందెరె', స్పెయిన్ రోగికి 'తొమార్', రుమేనియా రోగికి 'లువా'. చీటీ మీద గౌరవంగా కూర్చున్న రెండు లాటిన్ క్రియలలో ఒక్కటీ, ఆ లాటిన్‌కే పుట్టిన భాషలలో, రోగి చెవికి మందు వేసుకొమ్మని చెప్పడానికి పనికిరావడం లేదు. చీటీ మీద మార్పు లేకుండా నిలిచిన రూపం ఎవరితోనూ మాట్లాడలేనిదైంది. నోళ్ళలో పడి ముక్కలై, మెత్తబడి, అర్థం మార్చుకొన్న రూపాలు నేటికీ కోట్లమందితో మాట్లాడుతున్నాయి.

లాటిన్ పండితులకు ఇది నచ్చలేదు. 'అపెండిక్స్ ప్రోబి' అని ఒక చిన్న పట్టిక మిగిలి ఉన్నది. ఇలా అనాలి, అలా అనరాదని రెండు వందలకు పైగా మాటలను దిద్దిన పట్టిక. దానిని కూర్చినవాడు చెవికి 'ఆవురిస్' అనాలన్నాడు, 'ఒరిక్లా' తప్పన్నాడు. ఫ్రెంచి 'ఒరేయ్', స్పానిష్ 'ఒరేహా', ఇటాలియన్ 'ఒరెక్కియో', పోర్చుగీసు 'ఒరేల్య', అన్నీ ఆ తప్పు మాటకు పుట్టినవే. ఒప్పు మాట నిఘంటువులలోను, మా వైద్య పరిభాషలోను మిగిలింది. నేటి భాషా శాస్త్రవేత్తలు ఆ పట్టికను చదివేది ఒప్పుల కోసం కాదు. జనం నిజంగా ఎలా మాట్లాడినారో తెలిపే సాక్ష్యం ఆ తప్పులలోనే ఉన్నది.

మన కుటుంబాన్ని ఇలా పరిశీలించే పని ఆలస్యంగా మొదలైనదని అనుకొనే అలవాటు మనకున్నది. అది నిజం కాదు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి ఇవి ఒక కుటుంబమని ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ మద్రాసులో నిరూపించినది 1816లో. రొమాన్స్ భాషల తులనాత్మక వ్యాకరణానికి పునాది అని చెప్పే ఫ్రీడ్రిష్ డీజ్ గ్రంథపు తొలి సంపుటం వెలువడినది 1836లో. మనకు లేనిది లాటిన్ వంటి వ్రాతకెక్కిన తల్లి. రొమాన్స్ పండితుడు ఊహించిన మూలరూపాన్ని లాటిన్ గ్రంథాలతో సరిచూసుకోవచ్చు. మనకు అక్కచెల్లెళ్ళే సాక్షులు. ఆ సాక్ష్యాలను క్రియా ధాతువుల వరకు ఓర్పుగా సమీకరించిన గ్రంథం భద్రిరాజు కృష్ణమూర్తి గారి 'తెలుగు వెర్బల్ బేసెస్', 1961లో అచ్చయింది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తొలి ముద్రణ కూడా అదే సంవత్సరం. వీటిని పండితుల పుస్తకాలని పక్కన పెట్టడం మన నష్టం. ఇటలీలో చదువుకొన్నవాడు తన మాట స్పెయిన్‌లో ఏమైందో ఇంచుమించు ఊహించగలడు. మనలో ఎంతమందికి 'కొను' అక్కచెల్లెళ్ళు తెలుసు? అజంత భాష గనుక మనది తూర్పు ఇటాలియన్ అని మురిసిపోతాము. ఇటాలియన్‌తో పోలిక మాట చివరి అచ్చులో కంటె మాట నడిచిన దారిలో ఎక్కువగా ఉన్నది.

ఆ అక్కచెల్లెళ్ళు ఒకేచోట వినిపించే స్థలం గల్ఫు ఆసుపత్రి. మలయాళీ నర్సులు లేని వార్డును ఇక్కడ ఊహించడం కష్టం. 'మరున్ను కళిచ్చోళూ' అంటుంది నర్సు తన ఊరి రోగితో. తమిళ రోగితో తమిళ ఔషధ విక్రేత 'ఎడుత్తుక్కో' అంటాడు. కన్నడిగుడు 'తొగొళ్ళి' అంటాడు. మనం 'వేసుకో', 'తీసుకో' అంటాము. ఆ 'ఓళూ', 'క్కో', 'గొళ్ళి', 'కో' అన్నీ ఒకే ధాతువు. తమిళంలో దాని నిండు రూపం 'కొళ్', మలయాళంలో 'కొళ్ళుక', కన్నడంలో 'కొళ్ళు', తెలుగులో 'కొను'. నాలుగు భాషలూ దానిని పక్క క్రియకు తోకగా తగిలించి, వాడి వాడి అరగదీసినవి. వాటి ముందున్న మరుందు, మరున్ను, మద్దు, మందు కూడా ఒక ఇంటివే. రిచెట్టా, రెసెతా, రెసెయితల వరుసను చూసి అచ్చెరువొందే మన సాహిత్య మిత్రులు ఈ వరుసను కూడా అంతే ఆనందంతో చూడాలని నా కోరిక.

అరిగిపోయిన ఆ ఒక్క అక్షరం 'కో' చేసే పని చిన్నది కాదు. వండినాడు, వండుకొన్నాడు అన్న రెండింటికీ తేడా అందరికీ తెలిసినదే. క్రియాఫలం కర్తకే చెందుతుందని తెలుపడం 'కొను' పని. సంస్కృతంలో ఆత్మనేపదం చేసే పనికి ఇది దగ్గర. 'పొలానికి మందు వేశాడు' అంటే ఎరువో పురుగుమందో చల్లినాడు. 'మందు వేసుకొన్నాడు' అంటే మాత్ర మింగినాడు. పొలానికీ మనిషికీ మధ్య హద్దు ఆ ఒక్క 'కొను'. లాటిన్ 'రెకిపె'లో రోగి లేడు. 'వేసుకో'లో రోగి తప్ప మరెవరూ లేరు.

ఇది వ్యాకరణ విలాసం అనుకొనేవారు అత్యవసర విభాగంలో ఒక రాత్రి కూర్చుంటే మనసు మార్చుకొంటారు. 'మందు తాగాడు' అన్న తెలుగు వాక్యాన్ని తీసుకోండి. సారా తాగినాడని ఒక అర్థం. దగ్గుమందు తాగినాడని ఇంకొకటి. పురుగుల మందు తాగినాడని మరొకటి. మన పల్లెల నుంచి వచ్చినవారు వణుకుతున్న గొంతుతో ఆ మాట అన్నప్పుడు మూడవ అర్థమేనని తెలుగు చెవికి తక్షణం తెలుస్తుంది. దానినే పక్కనున్నవారెవరో హిందీలో 'దవా పీ లీ' అనో, ఇంగ్లీషులో 'మెడిసిన్ తీసుకొన్నాడు' అనో దాటిస్తే, వినే వైద్యునికి అందేది మందు వేసుకొన్న ఒక మామూలు రోగి. విషం విషయంలో నిమిషాలకు ఎంత విలువో చెప్పనక్కరలేదు. 'వాడు పుచ్చుకొంటాడు' అంటే మద్యపానమనీ, 'మందు పెట్టినారు' అంటే చేతబడి అనుమానమనీ, 'మందు రాసుకొన్నాను' అంటే పైపూత అనీ తెలియాలంటే, మందు అన్న నామవాచకం చాలదు. వెనుక వచ్చే క్రియ వినాలి. అర్థమంతా అక్కడున్నది.

మరి మనం రోగికి ఇస్తున్నది ఏమిటి? కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి నిర్మాణపు పనులకు వచ్చినవారు, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవారు ఒమానులో ఎందరో. వారి చేతిలో పెట్టే మందు సంచి మీద అరబ్బీ, ఇంగ్లీషు ఉంటాయి. ఆతిథ్య దేశాన్ని ఈ విషయంలో తప్పుపట్టే అర్హత మనకు లేదు. స్వదేశంలో మన తెలుగు వైద్యులు వ్రాసేది '1-0-1'. అందులో క్రియయే లేదు. తిన్నాకనా, తినకముందా, మింగాలా, చప్పరించాలా, రాసుకోవాలా అన్నది ఆ అంకెలు చెప్పవు. మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో వ్రాయాలని భారతీయ వైద్య మండలి 2016లో నియమం చేసింది. మంచి నియమం. కాని ఆ పెద్ద అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలే, వాటి లబ్ధిదారు ఔషధ విక్రేతయే. రెండు వేల ఏళ్ళ నాటి 'రెకిపె' లాగే అదీ రోగి తల మీదుగా సాగే సంభాషణ.

తెలుగులో వ్రాసిన కొద్ది చోట్ల పరిస్థితి ఇంకో రకం. 'భోజనానంతరము సేవించవలెను' అని ఉంటుంది. ఎవరు మాట్లాడే తెలుగు అది? వార్తాపత్రికలలో నేడు 'సేవించు' అన్న క్రియకు మిగిలిన ప్రధాన కర్మ మద్యం. 'అన్నం తిన్నాక వేసుకోండి' అంటే ఏ జిల్లావారికైనా బోధపడుతుంది. తెలంగాణ నుంచి వచ్చినవానికి 'తిన్నంక ఏస్కో' అంటే ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. నేను ఈ వ్యాసంలో 'తీసుకొనుట' అని నిండుగా వ్రాస్తున్నాను. అది ఈ పుటకు తగిన మర్యాద. రోగి పడక పక్కన ఆ మర్యాదకు చోటు లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వినిపిస్తాయి. ఒకటి, లాటిన్ సంకేతాలు దేశాలకు అతీతమైనవనీ, ఈజిప్టు, భారత, సూడాన్, పాకిస్తాన్ వైద్యులు కలిసి పనిచేసే చోట అవే ఉమ్మడి భాష అనీ. వైద్యునికీ ఔషధ విక్రేతకూ మధ్య ఆ ఉమ్మడి భాష ఉపయోగాన్ని నేను కాదనను. అయితే అది కూడా అనుకొన్నంత ఉమ్మడి కాదు. మన దేశంలో ఓ.డి. అంటే రోజుకొకసారి, అమెరికాలో కుడికన్ను. రోజుకొకసారి అనడానికి అక్కడ వాడే క్యు.డి. అన్న లాటిన్ సంక్షేపాన్ని, పొరపాట్లకు తావిస్తున్నదని, 2004లో వాడరాని సంకేతాల జాబితాలో చేర్చినారు. రెండవ ఆక్షేపణ, అనువాద యంత్రాలున్నాయి కదా అని. న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ ప్రాంతంలో యంత్రాలతో అచ్చువేసిన స్పానిష్ మందు చీటీల మీద జరిగిన పరిశీలన 2010లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. అందులో చూపిన ప్రమాదాలలో ఒకటి ఇది: ఒకసారి అని చెప్పే ఇంగ్లీషు 'వన్స్'ను అలాగే వదిలేస్తే, అవే అక్షరాలను స్పానిష్ చదువరి 'ఒన్సె' అని చదువుతాడు. ఆ భాషలో దానికి అర్థం పదకొండు. రోజుకొక మాత్ర పదకొండు మాత్రలు కాగలదు. యంత్రం వద్దనడం లేదు. అది చెప్పినదాన్ని ఆ భాష మాట్లాడే మనిషి ఒకడు చూడాలి. తెలుగుకు ఆ మనిషి మనమే.

గిడుగు రామమూర్తి గారి పేరు మనకు వ్యావహారిక భాషోద్యమంతో ముడిపడి ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరల భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించడానికి పాటుపడినారు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రకటించినారు. ఈ రెండు పనులకూ వెనుక ఉన్న సూత్రం ఒకటే. ఒక మనిషికి మేలు చేయదలచినవాడు ఆ మనిషి మాట నేర్చుకోవాలి. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొని, పద్యాలు చదివి, దండలు వేసి ఇంటికి వస్తాము. ఆ సూత్రాన్ని మన వృత్తులలోకి తీసుకొనిపోయినవారు కొద్దిమంది.

గల్ఫులోను, స్వదేశంలోను ఉన్న తెలుగు వైద్యులను, ఔషధ విక్రేతలను నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. మందు సంచి మీద ఒక్క తెలుగు పంక్తి. అంకె, పూట, తిండికి ముందో తరువాతో, చివర ఒక క్రియ: వేసుకోండి, తాగండి, చప్పరించండి, రాసుకోండి. చదువు రానివారికి అదే పంక్తిని నోటితో చెప్పి, తిరిగి వారి చేత చెప్పించుకోవడం. భాషాభిమానులను కోరేది మరొకటి. వ్యవసాయ పదాలతో 1962లో మొదలైన మాండలిక వృత్తి పదకోశాలు రైతుల, చేతివృత్తులవారి మాటలను కాపాడినవి. రోగులు తమ బాధను, తమ మందును చెప్పుకొనే క్రియలను కూడా అదే శ్రద్ధతో, జిల్లాల వారీగా సేకరించాలి. ఆ సంపుటం నిఘంటువుల అరలో కంటె అత్యవసర విభాగపు బల్ల మీద ఎక్కువగా నలుగుతుంది.

'రెకిపె' అన్న విధి చీటీ మీద అలాగే ఉండనిద్దాము. అది వైద్యునికీ ఔషధ విక్రేతకూ మధ్య పాత ఒప్పందం, దానితో పేచీ లేదు. రోగి కోసం వదిలిన నాలుగవ పంక్తి మాత్రం రోగి మాటలో ఉండాలి. లాటిన్‌ను చీటీల మీద వ్రాసినవారు కూడా ఆ ఒక్క పంక్తిని రోగికే వదిలినారు. మనం అంతకంటె తక్కువ చేయడానికి కారణమేదీ నాకు కనబడడం లేదు.